బరువైన సంగీతం, సొంత ఆల్బమ్

పంక్, హార్డ్‌కోర్, మెటల్, ఇండిపెండెంట్ రాక్ అనేవి తెలుగు శ్రోతకు ఒకే హోరుకు పెట్టిన నాలుగు పేర్లలా తోచవచ్చుగాని, ఒక్కొక్కటీ ఒక్కో చోట ఒక్కో అవసరం కొద్దీ పుట్టింది కనుక, ఆ అవసరం తెలిస్తే తప్ప ఈ బాణీల్లో ఏటేటా వెలువడే ఆల్బమ్‌లలో నిజంగా కొత్తదేదో, పాతదానికి పూసిన పైరంగేదో తేల్చుకోవడం కుదరదు. ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్స్, గాత్రం అన్న నాలుగింటి పొందికతో నడిచే రాక్ సంగీతం వీటన్నిటికీ తల్లివేరు. ఆ రాక్‌ను మూడు నాలుగు స్వరమేళనాలకు, రెండు మూడు నిమిషాల నిడివికి కుదించి, సంగీతం పద్ధతిగా నేర్చుకోని కుర్రవాళ్లు కూడా వేదిక ఎక్కవచ్చునని చాటినది పంక్. ఆ పంక్‌నే ఇంకా వేగంగా, ఇంకా ఆగ్రహంగా, పెద్ద కంపెనీల గడప తొక్కకుండా నడిపినది హార్డ్‌కోర్. గిటారు నాదాన్ని మందంగా, బరువుగా మార్చి, మృత్యువు, యుద్ధం, భయం వంటి చీకటి విషయాలను పాటలోకి తెచ్చినది మెటల్. ఇక ఇండిపెండెంట్ రాక్ అన్న పేరు బాణీని బట్టి వచ్చినది కాదు. కళాకారులే, లేదా వారికి దగ్గరగా ఉన్న చిన్న సంస్థలే, సొంత పెట్టుబడితో పాటను అచ్చువేసి అమ్ముకునే పద్ధతిని బట్టి వచ్చినది. ఈ సంగీతానికి వికారాబాద్ జిల్లా పెద్దేముల్, తాండూరు ప్రాంతంతో ఏమి సంబంధమన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఆ సంబంధం ఉన్నదనీ, అది డప్పు దగ్గర, పాటను సొంతంగా అచ్చువేసుకునే అలవాటు దగ్గర కలుస్తుందనీ, అయితే ఆ కలయికను వినిపించే ఆల్బమ్ ఇంకా రావలసి ఉన్నదనీ చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మెటల్ పుట్టుకను ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి మొదలుపెట్టాలి. అది ఇనుము, ఉక్కు కార్ఖానాల నగరం. అక్కడి ఒక రేకుల కార్ఖానాలో పనిచేస్తున్న టోనీ అయోమి అనే 17 ఏళ్ల యువకుడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు 1965లో యంత్రంలో పడి తెగిపోయాయి. ఎడమచేతివాటం గిటారు వాద్యకుడు కావడం వల్ల, తీగలను నొక్కిపట్టే చేయి అతనికి ఆ కుడిచేయే. రెండు వేళ్లతోనే గిటారును అద్భుతంగా వాయించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డును కార్ఖానా మేస్త్రీ తెచ్చి వినిపించడంతో అతనికి మళ్లీ ధైర్యం చిక్కిందనీ, ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని పైన తోలుముక్క అతికించుకున్నాడనీ అతని జీవితకథలు చెబుతాయి. తెగిన వేళ్లతో బిగుతు తీగలను నొక్కడం కష్టమై పలుచని తీగలు వాడాడు. తరువాత కొన్నేళ్లకు తీగల శ్రుతిని కూడా తగ్గించాడు. శ్రుతి తగ్గేసరికి నాదం కిందికి దిగి, బరువెక్కింది. అతని బృందం బ్లాక్ సబ్బాత్ ఒకే రోజులో రికార్డు చేసిన తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. అందులో బృందం పేరే పెట్టుకున్న తొలిపాటకు ఆధారమైన స్వరగుచ్ఛం మూడంటే మూడు స్వరాలది: షడ్జమం, పైస్థాయి షడ్జమం, అక్కడి నుంచి దిగి వచ్చి నిలిచే ప్రతిమధ్యమం. పాట పొడుగునా ఇలా తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరగుచ్ఛాన్ని రిఫ్ అంటారు. కీర్తనకు పల్లవి ఎలాగో మెటల్ పాటకు రిఫ్ అలాంటిది. పంచమం మీద వాలవలసిన చెవిని ఒక మెట్టు కిందే ప్రతిమధ్యమం దగ్గర ఆపేయడం వల్ల కలిగే అలజడి నుంచే ఒక సంగీతశాఖ మొత్తం పెరిగింది. ఆ బృందం తన చివరి కచేరీని 2025 జులై 5న అదే బర్మింగ్‌హామ్‌లో చేసింది. గాయకుడు ఆజీ ఆస్బోర్న్ అదే నెల 22న కన్నుమూశాడు.

బరువు అన్న మాటకు ఇక్కడ భౌతికమైన అర్థమే ఉంది. గిటారు ధ్వనిని పెంచే యంత్రం ఆంప్లిఫయర్. అది భరించగలిగిన దానికన్నా ఎక్కువ ధ్వనిని దానిలోకి పంపితే శబ్దతరంగాల శిఖరాలు తెగిపోయి, అసలు స్వరంలో లేని అనేక ఉపస్వరాలు పుట్టి, నాదం గరగరలాడుతుంది. మొదట దోషంగా భావించిన ఈ గరగరనే డిస్టార్షన్ అనే పేరుతో రాక్ వాద్యకులు గుణంగా స్వీకరించారు. ఆ స్థితిలో షడ్జమాన్నీ పంచమాన్నీ కలిపి మీటితే, రెండు కంపనాల తేడా వల్ల షడ్జమానికి సరిగ్గా ఒక స్థాయి కింద మరొక షడ్జమం దానంతటదే మోగుతుంది. ఎవరూ వాయించని ఆ మంద్రనాదమే వినేవారి గుండెల మీద మోపిన బరువులా అనిపిస్తుంది. వాటికి గాంధారం చేరిస్తే మాత్రం ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొసగక నాదం మడ్డిగా మారుతుంది కాబట్టి, మెటల్, పంక్ వాద్యకులు గాంధారాన్ని వదిలేసి స, ప జంటనే ఎక్కువగా వాడతారు. తంబురా తీగలను కూడా సాధారణంగా షడ్జమ పంచమాలకే శ్రుతి చేస్తారన్న సంగతి గుర్తున్న శ్రోతకు ఈ జంట పరాయిదిగా తోచదు. మెటల్‌లో తరచుగా వినిపించే ఫ్రిజియన్ అనే స్వరశ్రేణి స్వరస్థానాలు, కర్ణాటక సంగీతంలోని హనుమతోడి స్వరస్థానాలు ఒకటే. గమకం లేనిదే రాగం కాదు కనుక మెటల్ గిటారులో తోడి రాగం ఉన్నదనడం అతిశయోక్తే అవుతుందిగాని, తెలుగువారి చెవికి ఆ మెట్లు కొత్తవి కావన్నది మాత్రం వాస్తవం.

పంక్ ప్రధానంగా ఇచ్చినది స్వరం కాదు, పద్ధతి. న్యూయార్క్‌కు చెందిన రమోన్స్ బృందం 1976లో విడుదల చేసిన తొలి ఆల్బమ్‌లో 14 పాటలున్నా మొత్తం నిడివి అరగంటకు మించదు. ఇంగ్లండులోని మాంచెస్టర్ ప్రాంతానికి చెందిన బజ్‌కాక్స్ బృందం ఏ కంపెనీ కోసమూ ఎదురుచూడకుండా బంధుమిత్రుల దగ్గర సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చి, సొంత ముద్ర కింద నాలుగు పాటల రికార్డును 1977 జనవరిలో వెలువరించింది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1980లో మొదలైన డిస్కార్డ్ అనే సంస్థ ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకుపోయింది. హార్డ్‌కోర్ కుర్రవాళ్లు రికార్డుల అట్టలను తామే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అతికించి, తక్కువ ధరకు టపాలో పంపేవారు. పాట రాసినవాడే అచ్చుకు పూనుకోవడం, అచ్చు వేసినవాడే భుజాన మోసుకుని అమ్మడం వల్ల మధ్యలో ఎవరి తీర్పుకూ తావు లేకుండా పోయింది. ఏ పాట చెల్లుతుంది, ఏ మాట తీసేయాలి అని చెప్పే మనిషి లేకపోవడమే ఈ సంగీతానికి ఊపిరి. ఈ శాఖల్లో కొత్త ఆల్బమ్‌ను అంచనా వేసేటప్పుడు గిటారు ఎంత వేగంగా మోగింది అన్నదానికన్నా ఈ స్వేచ్ఛ ఎంతవరకు మిగిలి ఉంది అన్నదే ముందు చూడవలసిన సంగతి.

భారతదేశంలో ఈ దారి ప్రధానంగా ముంబయి, ఈశాన్య రాష్ట్రాలు, బెంగళూరుల మీదుగా సాగింది. 1984లో ముంబయిలో ఏర్పడిన రాక్ మెషీన్ బృందం 1988లో సొంత పాటల ఆల్బమ్ తెచ్చింది. ఆ తరువాతి తరానికి బెంగళూరు ప్యాలెస్ మైదానంలో 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబర్ 30న మెటాలికా అనే విదేశీ మెటల్ బృందాలు చేసిన కచేరీలు మైలురాళ్లయ్యాయి. బెంగళూరుకే చెందిన క్రిప్టోస్ బృందం 1998 నుంచి నేటి దాకా పాత పద్ధతి మెటల్‌ను వదలకుండా, 2024లో డెసిమేటర్ అనే ఆల్బమ్‌ను వెలువరించింది. ముంబయికి చెందిన హార్డ్‌కోర్ బృందం స్క్రైబ్ 2010లో తన ఆల్బమ్‌కు ఒక హిందీ హాస్యచిత్రంలోని ప్రతినాయకుడి పేరును తగిలించింది. ఈ సంగీతం ఇక్కడి నేలలోకి ఇంకుతున్నదనడానికి అదొక గుర్తు.

హైదరాబాద్‌కు వస్తే ముందుగా చెప్పుకోవలసిన పేరు గాడ్‌లెస్. హైదరాబాద్, బెంగళూరు నగరాల వాద్యకులు కలిసి కట్టిన ఈ బృందంలో బేస్ గిటారు వాయించే అబ్బాస్ రజ్వీ, డ్రమ్స్ వాయించే అనికేత్ యాదవ్ అంతకుముందు హైదరాబాద్ మెటల్ బృందం స్క్రిప్ట్‌లో కలిసి పనిచేసినవారు. వీరి శాఖ పేరు డెత్ మెటల్. అందులో గిటారు శ్రుతి బాగా దిగి ఉంటుంది. గాయకుడు స్వరతంత్రులకు పైనుండే మడతలను అదిలించి, గొంతు అడుగు నుంచి గర్జిస్తాడు. డ్రమ్స్‌లో పెద్ద డ్రమ్మును కాలితో, స్నేర్ అనే చిన్న డ్రమ్మును చేతితో, ఒకదాని వెంట ఒకటి సందు లేకుండా కొట్టే బ్లాస్ట్ బీట్ అనే నడక వస్తుంది. నిమిషానికి 200 దాటిన లయలో కూడా ఒక్కో దెబ్బ విడిగా వినబడాలి. దెబ్బలన్నీ కలిసిపోయి వర్షపు చప్పుడులా వినబడితే అది వేగమే తప్ప వాద్యం కాదు. గాడ్‌లెస్ వాద్యంలో మెచ్చుకోవలసినది ఈ విడివడే స్పష్టతనే. ఈ బృందం 2016లో సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్, 2018లో స్వార్మ్ అనే రెండు ఈపీలను వెలువరించింది. ఈపీ అంటే నాలుగైదు పాటలకు మించని చిన్న ఆల్బమ్. పూర్తి ఆల్బమ్ స్టేట్స్ ఆఫ్ కేయాస్ 2021లో, కరోనా వల్ల కచేరీలు మూతపడి ఉన్న కాలంలో వచ్చింది. తొలి ఈపీకీ దీనికీ మధ్య ఐదేళ్లు గడిచాయంటే, ఇటువంటి సంగీతాన్ని సొంత సంపాదన మీద, సెలవు రోజుల మీద నిలబెట్టుకోవలసి వచ్చే మన నగరాల పరిస్థితిలో అది ఆలస్యం కాదు, పట్టుదల. తెలుగు నేల మీద పుట్టిన డెత్ మెటల్ దేశదేశాల శ్రోతల చెవిన పడడం గర్వించదగిన విషయమే. అయితే ఈ ఆల్బమ్‌ల భాష ఇంగ్లీషు.

ఇక్కడే అసలు చర్చ మొదలవుతుంది. కేరళలో అవియల్ బృందం 2008లో మలయాళంలో రాక్ ఆల్బమ్ తెచ్చి, జానపద పదాలు గిటారు మీద ఎలా నిలుస్తాయో చూపింది. కన్నూరుకు చెందిన ది డౌన్ ట్రాడెన్స్ 2014 నాటి ఆల్బమ్‌లో ఉత్తర కేరళ తెయ్యం సంప్రదాయాన్ని మెటల్‌తో కలిపింది. దిల్లీకి చెందిన బ్లడీవుడ్ హిందీ, పంజాబీ, ఇంగ్లీషు భాషలను కలిపి, ఢోలును, వేణువును మెటల్ గిటారు పక్కన నిలబెట్టి, 2022లో రక్షక్, 2025 మార్చిలో నూ దిల్లీ అనే ఆల్బమ్‌లను వెలువరించింది. బ్లడీవుడ్ పాటల్లో ఢోలు కొన్నిచోట్ల అలంకారంగానే మిగిలిపోతుందన్న విమర్శకు అవకాశం ఉన్నా, శ్రోతల సంఖ్యను బట్టి చూస్తే ఆ ప్రయోగం గెలిచిందనే చెప్పాలి. తెలుగులో ఇండిపెండెంట్ సంగీతం లేకపోలేదు. అల్లూరి అన్న పేరుతో పాడే హైదరాబాద్ గాయకుడు తెలుగులోనే రాక్ పాటలు కట్టాడు. రామ్ మిరియాల గొంతుతో చౌరస్తా బృందం పాడిన ఊరెళ్ళిపోత మామ అన్న పాట, జమైకా దేశపు రెగే లయకు పల్లె బెంగను జోడించి, సినిమా అండ లేకుండా లక్షల మందికి చేరింది. కానీ ఆ గాయకుడిని సినిమా త్వరలోనే తనవైపు తిప్పుకుంది. అందులో తప్పు పట్టవలసినది లేదు. పాట మీద బతకాలనుకునే తెలుగు గాయకుడికి సినిమా తప్ప వేరే జీతపు దారి ఇంతవరకు ఏర్పడలేదు.

అయినా సొంతంగా పాట కట్టి, సొంతంగా అచ్చువేసి, ఊరూరా తిరిగి అమ్మే పద్ధతిని తెలుగువారు బజ్‌కాక్స్ దగ్గరో డిస్కార్డ్ దగ్గరో నేర్చుకోవలసిన అవసరం లేదు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్‌గా మారి, 1970ల నుంచి జననాట్యమండలితో కలిసి గోచీ, గొంగడి, డప్పుతో వేదిక ఎక్కినప్పుడు, ఆ పాటలు సన్నని పాటల పుస్తకాలుగా, తరువాత క్యాసెట్లుగా ఏ సినిమా కంపెనీ ముద్రా లేకుండా పల్లెల్లోకి వెళ్లాయి. 2002లో మొదలైన తెలంగాణ ధూంధాం అదే పద్ధతిని పెద్ద మైదానాలకు విస్తరించింది. ఆ పాటల రాజకీయాలతో ఏకీభవించడం, ఏకీభవించకపోవడం శ్రోత ఇష్టం. సంగీతచరిత్ర దృష్టితో చూస్తే మాత్రం హార్డ్‌కోర్ సంగీతానికి ప్రాణమైన మూడు లక్షణాలు, అంటే సొంత అచ్చు, వేదికకూ జనానికీ మధ్య ఎడం లేకపోవడం, బూటకం లేని ఆగ్రహం, ఇక్కడ సుమారు అదే కాలంలో స్వతంత్రంగా ఎదిగాయి. ఈ వరసను విడిచిపెట్టి, తెలుగు రాక్ చరిత్రను కేవలం ఇంజనీరింగ్ కాలేజీ ఉత్సవాలతో మొదలుపెట్టి రాయడం సగం చరిత్రే అవుతుంది.

పెద్దేముల్, తాండూరు ప్రాంతానికి ఈ వరసలో తనదైన చోటు ఉంది. 2016 అక్టోబర్‌లో ఏర్పడిన వికారాబాద్ జిల్లాకు పడమటి అంచున, కర్ణాటకను ఆనుకుని ఉన్న ఈ నేల, తాండూరు బండకూ కందిపప్పుకూ పేరుబడ్డది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఒకే బజారులో వినబడతాయి. బండలు తీసే గనుల్లో, వాటిని కోసి నున్నగా చేసే పాలిషింగ్ యూనిట్లలో రంపాల రొద మధ్య రోజంతా గడిపే కార్మికులున్న ఊరికీ, రేకుల కార్ఖానాల బర్మింగ్‌హామ్‌కూ మధ్య ఉన్న పోలిక కల్పించి చెప్పవలసినది కాదు. యంత్రం చప్పుడు నిత్యం చెవిలో మోగే చోట పుట్టే పాట మెత్తగా ఉండాలని కోరడం న్యాయం కాదు. ఇక పీర్ల పండుగ నాడు అలావా గుండం చుట్టూ కులమతాల భేదం లేకుండా జనం డప్పు దెబ్బకు అడుగు కలిపి తిరగడం తెలంగాణ పల్లెల్లో ఉన్న ఆచారం. హార్డ్‌కోర్ కచేరీల్లో వేదిక ముందు జనం వలయంగా పరుగెత్తుతూ, కిందపడినవారిని పక్కవారు చప్పున లేవనెత్తుతూ సాగే ఆటను సర్కిల్ పిట్ అంటారు. ఒకటి భక్తి, రెండవది వినోదం కనుక రెండూ ఒకటే అనడం తగదుగాని, లయకు లొంగిన గుంపు వలయంగానే కదులుతుందన్న సంగతిని రెండూ చెబుతాయి.

డప్పును దగ్గరగా చూస్తే మెటల్ డ్రమ్స్‌తో దాని పొత్తు ఎంత సహజమో, ఎంత కష్టమో కూడా తెలుస్తుంది. గుండ్రని కొయ్య చట్రానికి తోలు బిగించి, చంకకు వేలాడదీసుకుని, కుడిచేతిలో పొట్టిగా మందంగా ఉండే సిర్రతో నడిమి దెబ్బ, ఎడమచేతిలో సన్నగా పొడవుగా ఉండే చిటికెన పుల్లతో అంచు దెబ్బ వేస్తారు. ఒకటి పెద్ద డ్రమ్ము పని చేస్తే, రెండవది స్నేర్ పని చేస్తుంది. ఒక్క మనిషి భుజాన రెండు వాద్యాలు ఉన్నట్టు లెక్క. వాయించే ముందు గడ్డిమంట సెగకు తోలును కాచితే తేమ పోయి, తోలు బిగిసి, శ్రుతి పైకి లేస్తుంది, చల్లారేకొద్దీ దిగిపోతుంది. స్టూడియోలో ఒక పాటను పదిసార్లు వాయించి, బాగా కుదిరిన భాగాలను కలిపే నేటి పద్ధతికి ఇది మొదటి చిక్కు, ఎందుకంటే మొదటిసారికీ పదోసారికీ డప్పు ఒకే శ్రుతిలో ఉండదు. రెండవ చిక్కు, డిస్టార్షన్ గిటారు, డప్పు అంచు దెబ్బ, గాయకుడి గొంతు మూడూ ధ్వనిశ్రేణిలో ఇంచుమించు ఒకే మధ్యభాగాన్ని ఆక్రమించడం. గిటారును కొంత కిందికి తొలగించి, డప్పుకు చోటు విడిచిపెడితే తప్ప డప్పు గిటారు గోడ వెనుక దాగిపోతుంది. ఢోలును అలంకారంగా మిగిల్చిన ఆల్బమ్‌లలో జరిగినది ఇదే. ముందు డప్పు నడకను రికార్డు చేసి, ఆ నడకకు తగ్గట్టు రిఫ్ కట్టడం దీనికి తగిన మార్గం. గిటారు మీద డప్పును చల్లడం కాక, డప్పు మీద గిటారును నిలబెట్టాలి.

తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఈ గర్జనకు పనికిరావన్న అభిప్రాయం సంగీతకారుల్లోనే కొందరికి ఉన్నదిగాని, అది నిలిచే వాదం కాదు. అచ్చుతో ముగిసే మాటను ఎంతసేపైనా సాగదీయవచ్చు. గర్జించే గాయకుడికి కావలసినది ఆ సాగుబాటే. ఇక దెబ్బకు దెబ్బగా తగిలే ద్విత్వాక్షరాలు, బరువైన మహాప్రాణాలు తెలుగులో కొల్లలు. ఒగ్గుకథకుడు వీరఘట్టంలో గొంతు పెంచి పలికే తీరును విన్నవారికి తెలుగు కరుకుదనం గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. తాండూరు మాటలోని ఉర్దూ, కన్నడ పలుకులు కూడా పాటలోకి వస్తే ఆ ఆల్బమ్ ఈ నేలదిగానే వినబడుతుంది.

పెట్టుబడి సమస్య ఉన్నా అది మునుపటంత పెద్దది కాదు. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ అనే ఇంటర్నెట్ అంగడిలో బృందమే తన ఆల్బమ్‌కు ధర పెట్టుకుని నేరుగా శ్రోతకు అమ్ముకోవచ్చు. డిజిటల్ అమ్మకాల మీద ఆ సంస్థ సాధారణంగా తీసుకునేది 15 శాతం. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ వాటాను కూడా వదులుకుంటున్నది. ఒక గది, రెండు మూడు మంచి మైకులు, ఒక కంప్యూటరుతోనే చాలా ఆల్బమ్‌లు ఇళ్లలోనే తయారవుతున్న కాలమిది.

అంతకన్నా ముఖ్యంగా తేల్చుకోవలసినది డప్పు వాయించేవారి హక్కు. ఈ వాద్యం తరతరాలుగా దళితుల చేత, ప్రధానంగా మాదిగల చేత వెట్టిగా వాయింపజేసుకున్న వాద్యం. 1994లో మొదలైన దండోరా ఉద్యమం దానినే ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తిపట్టింది. నగరపు బృందం ఒక పూట కూలి చేతిలో పెట్టి, డప్పు దెబ్బను రికార్డు చేసుకుని, అట్ట మీద పేరు కూడా వేయకపోతే, పంక్ పుట్టిన రోజు నుంచి చెప్పుకుంటూ వచ్చిన న్యాయమంతా అక్కడే చెడిపోతుంది. భారత కాపీరైట్ చట్టంలో వాద్యకుడికి తాను వాయించినదాని మీద 50 ఏళ్ల హక్కు ఉంది. 2012 సవరణ ద్వారా, ఆ రికార్డును వ్యాపారానికి వాడినప్పుడు రాబడిలో వాటా కూడా చట్టబద్ధమైంది. కనుక తాండూరు లేదా పెద్దేముల్ డప్పు దళంతో ఆల్బమ్ చేయదలచిన బృందం మైకు పెట్టడానికి ముందే, ఆ దళంలోని ప్రతి ఒక్కరినీ వాద్యకులుగా పేర్కొంటూ, అమ్మకంలో ఎవరి వాటా ఎంతో తెలుగులో రాసిన ఒప్పందం మీద ఇరువైపులా సంతకాలు చేయించాలి. కచేరీ టికెట్ల రాబడిలో దళానికి వచ్చేదెంతో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.